పచ్చికొమ్మ పట్టిన చేతులు

ధ్యానభాగములు: యాకోబు 3:5, సంఖ్యాకాండము 16:41–48, నిర్గమకాండము 22:6



శివరాత్రి దాటినది. చలి తగ్గినది. మన బిచ్కుంద నల్లరేగళ్లలో శనగ ఇంటికి చేరినది. కందికట్టె, పత్తికట్టె గట్లమీద కుప్పలుగా పడియున్నవి. సాయంకాలమైనప్పుడు ఏదో ఒక దిక్కున పొగ లేచుచున్నది. ఈ దినములలో ప్రభువు సహోదరుడైన యాకోబు వ్రాసిన మాట నాకు తరచుగా జ్ఞాపకము వచ్చును. ఆయన నాలుకను గూర్చి హెచ్చరించుచు, ఒక చిన్న నిప్పును, ఒక పెద్ద అడవిని మన యెదుట పెట్టెను. మేము ప్రసంగీకులము ఆ వచనము చదివిన వెంటనే అడవిని విడిచి నాలుకయొద్దకు పరుగెత్తుదుము. నేనును పదునెనిమిది సంవత్సరములుగా అట్లే చేసితిని. సెమినరీలో మా గురువుగారు ఆ గ్రీకు మాటకు అడవి అనియు, కట్టె అనియు అర్థము కలదని చెప్పిరి. నోటుపుస్తకములో వ్రాసికొంటిమి. అడవి కాలుట ఎట్లుండునో మాలో ఎవరును చూచినవారు కారు.

దానిని నేను చూచిన రాత్రిని గూర్చి ఈ నెల వ్రాయనెంచుచున్నాను.

మన వైపు అడవి తక్కువ. బాన్సువాడ దాటి తూర్పుగా పోయినయెడల గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి ప్రాంతములలో టేకు, తునికి, మోదుగ, ఇప్ప చెట్లుగల గుట్టలు కనబడును. అట్టి గుట్ట క్రింద ఒక చిన్న పల్లెలో మన సంఘస్థుల బంధువులైన నాలుగైదు కుటుంబములవారున్నారు. అప్పుడప్పుడు పోయి వారితో గృహప్రార్థన జరిపి వచ్చుచుందును. కొన్ని ఏండ్ల క్రిందట మార్చి నెలలో ఒక శనివారము రాత్రి ప్రార్థన ముగించి భోజనమునకు కూర్చుంటిమి. బయటినుండి కేక వినబడెను: "గుట్ట అంటుకున్నది!" అన్నము పళ్లెములలోనే విడిచి పురుషులందరు లేచిరి. తాండావారు కొందరు అప్పటికే బయలుదేరిరి. ఎవరికిని జీతము లేదు. ఎవరును ఎవరిని పిలువలేదు. నేనును లేచితిని, అయ్యగారు కూర్చుండి అన్నము తినుట బాగుండదు గదా!

నేను చేసిన మొదటి పని ఒక బిందెడు నీళ్లు ఎత్తుకొనుట. మేకలు కాచుకొను ఒక వృద్ధుడు నన్ను చూచి నవ్వెను.

"అయ్యగారూ, ఆ నీళ్లు తాగటానికి ఉంచుండ్రి. అగ్గికి నీళ్లు పోసుడు కాదు, తిండి లేకుండ చేసుడే."

తరువాత ఆయన నా చొక్కా పట్టుకొని చూచి, "ఇది గుంజేయుండ్రి, ఒంటికి అతుక్కుంటది" అనెను. అది పాలిస్టరు చొక్కా. నిప్పు తగిలినయెడల అట్టి బట్ట కరగి చర్మమునకు అంటుకొనునట. ఒక నూలు తువ్వాలు నాకు కప్పిరి. నా రబ్బరు చెప్పులు విప్పించి, ఎవరివో తోలు చెప్పులు తొడిగిరి. అవి నాకు పెద్దవి. ఈ విధముగా వేదాంత విద్యార్థి మరల ఒకటవ తరగతిలో చేరెను.

గుట్టమీద మంట నేను అనుకొన్నంత ఎత్తు లేదు. మన అడవులలో నిప్పు ఎక్కువగా నేలమీదనే ప్రాకును. టేకు ఆకులు చలికాలము వెళ్లునప్పటికి రాలి, అప్పడములవలె ఎండి, మోకాలివరకు పడియుండును. వాటిమీద మంట మోకాలెత్తున ఒక పొడవైన ఎఱ్ఱని దారమువలె వంకరటింకరగా నడచుచుండెను. చూచుటకు అందముగానే యున్నదని చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. ఆ దారము గుట్ట ఎక్కునప్పుడు పరుగెత్తును, దిగునప్పుడు నిదానించును. ఏలయనగా మంటయొక్క వేడిమి పైనున్న ఆకులను ముందుగానే ఎండబెట్టి సిద్ధపరచును. కాబట్టి మంటకు పైభాగమున ఎవరును నిలువరాదు. ఎదురుగా పోరాదు. "కాలిన దిక్కు నుంచి రాండ్రి" అని వృద్ధుడు నన్ను ప్రక్కకు లాగెను. నల్లగా కాలిన నేలమీద ఒక కాలు పెట్టుకొని, మంటయొక్క అంచును ప్రక్కనుండి కొట్టవలెను. గాలి తిరిగినయెడల కాలిన నేలమీదికి వెనుకకు రావలెను. అక్కడ మరల కాలుటకు ఏమియు మిగులలేదు గనుక అదే ఆశ్రయము.

కొట్టుటకు వారి ఆయుధము పచ్చికొమ్మ. ఆ కాలములో టేకు మోడుగా నుండును. కొత్త చిగురు వేసిన వేప, కానుగ, నేరేడు, ఇట్టివాటిని వెదకి కొమ్మలు నరుకుకొనవలెను. నేను నా కొమ్మను బలమంతటితో పైకెత్తి కొట్టితిని. రవ్వలు నా తలమీదుగా వెనుకకు లేచెను. "పైకెత్తొద్దు, ఒత్తి పెట్టుండ్రి! కోపంతోని కొడితే అగ్గి పెద్దగైతది" అనెను. కొమ్మను మంటమీద ఒత్తి, ఊపిరాడకుండ పట్టి, కాలిన వైపునకు ఊడ్చవలెను. నలుగురు ఒకరి వెనుక ఒకరు నడచిరి. మొదటివాడు మంటను అణచును, రెండవవాడు మిగిలినదానిని అణచును, మూడవవాడు పంగలకర్రతో ఆకులను వెనుకకు లాగును, నాల్గవవాడు వెనుదిరిగి చూచుచు, లేచిన రవ్వను త్రొక్కును. మొదటివాని చేతులు వేడికి ఓర్వలేనప్పుడు అతడు నాల్గవ చోటికి వచ్చును, రెండవవాడు ముందుకు పోవును. ఎవడును తన స్థానమును గూర్చి వాదించుట నేను వినలేదు. సంఘ కమిటీలలో కూర్చుండు నాకు ఇది క్రొత్తగా తోచెను.

మరికొందరు చాలా ముందుకు పోయి, బండ్లబాట వెంబడి గొడ్డళ్లతో, పారలతో ఆకును తుప్పను తీసివేసి, నేల కనబడునట్లు నాలుగడుగుల వెడల్పున ఒక గీత చేయుచుండిరి. అంతట ఆశ్చర్యకరమైన పని ఒకటి చేసిరి. ఆ గీతకు లోపలివైపున, రాబోవు మంటకు ఎదురుగా, తామే నిప్పు పెట్టిరి! ఆ చిన్న మంట పెద్ద మంటవైపునకు ప్రాకిపోయెను. రెండును కలిసికొన్న చోట ఒక్కసారి పైకి లేచి, తినుటకేమియు లేక చచ్చిపోయెను. కట్టె లేనిచోట మంట నిలువదని సామెతల గ్రంథము 26వ అధ్యాయము 20వ వచనములో సొలొమోను బోధించినది చదువు రాని ఆ మనుష్యులకు చేతులలో తెలిసియున్నది.

తెల్లవారుజామున గాలి పడిపోయి మంచు దిగెను. ఆ వేళకొరకే వారు రాత్రి అంతయు కాచుకొనియుండిరి.

ఈ పని మన గుట్టలలోనే కాదు. నల్లమలలో పులుల అభయారణ్యమును కాచు బేస్ క్యాంపులలో చెంచులు పనిచేయుచున్నారు. వేసవిలో మంట లేచినప్పుడు దారి తెలిసినవారు వారే. 1992లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వన సంరక్షణ సమితులను మొదలుపెట్టి, అడవిని కాచుపనిలోను దాని ఫలములోను గ్రామస్థులకు పాలు ఇచ్చెను. దీని వెనుక పాత చరిత్ర కొంత కలదు. ఉత్తరమున కుమావూను కొండలలో ఇంగ్లీషువారు జనుల అడవులను తమవిగా చేసికొనగా, 1921లో జనులే ఆ అడవులను అనేకచోట్ల తగులబెట్టిరి. తరువాత 1931లో వన పంచాయతీలకు నియమములు ఏర్పడి, కొన్ని అడవులు గ్రామముల చేతికి తిరిగి వచ్చెను. 1927 నాటి అటవీ చట్టము 79వ సెక్షను ప్రకారము అడవిలో హక్కు అనుభవించువారు మంట ఆర్పుటకు సహాయము చేయవలసినదే. అది మంచి చట్టము. అయినను నేను చూచిన రాత్రి ఏ చట్టమును ఎవరిని నిద్రలేపలేదు. జీతగాడు తోడేలును చూచి పారిపోవుననియు, గొఱ్ఱెలు తనవియైన కాపరి నిలుచుననియు ప్రభువు చెప్పెను గదా (యోహాను 10:11–13). తమదని తలంచినవారు వచ్చిరి.

ఇప్పుడు ఆకాశమునుండి కూడ కాపలా కలదు. డెహ్రాడూనులోని భారత అటవీ సర్వే సంస్థవారు 2004 నుండి ఉపగ్రహముల ద్వారా మంటలను కనిపెట్టి రాష్ట్రములకు తెలియజేయుచున్నారు. ఇప్పుడు వాడుచున్న ఒక సాధనము భూమిని 375 మీటర్ల చదరములుగా చూచి, ఏ చదరములో వేడి ఎక్కువయినదో చెప్పగలదు. ఆ వార్త సెల్‌ఫోనుకు వచ్చును. ఇది దేవుడు మనుష్యుల కిచ్చిన జ్ఞానమని స్తుతింతము. కాని ఆ వార్త చేరిన తరువాత ఎవడో ఒకడు చెప్పులు తొడుగుకొని గుట్ట ఎక్కవలసినదే.

ఎక్కినవారందరు దిగివచ్చుట లేదు. 2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిచూరు జిల్లాలో ముగ్గురు అటవీ వాచర్లు మంట ఆర్పుచు దానిలో చిక్కి చనిపోయిరి. 2024 జూను 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యములో నలుగురు అటవీ సిబ్బంది ఆ విధముగానే ప్రాణములు విడిచిరి. ఆస్ట్రేలియా దేశములో పల్లెలను కాచు అగ్నిమాపక దళములలో అత్యధికులు జీతము లేని స్వచ్ఛంద సేవకులు: రైతులు, దుకాణదారులు, బడిపంతుళ్లు. 2019 డిసెంబరులో సిడ్నీకి నైరుతి దిక్కున అట్టివారిరువురు, చంటిబిడ్డల తండ్రులు, తమ బండిమీద చెట్టుకూలిన ప్రమాదములో మరణించిరి. క్రిస్మసుకు ఇంక ఆరు దినములే యుండెను.

వీరిని తలంచినప్పుడు నాకు అహరోను కనబడును. సంఖ్యాకాండము 16వ అధ్యాయము తీసి చదువుడి. జనులు ఆ ఉదయముననే మోషేమీదను అహరోనుమీదను సణిగిరి. వారే నరహంతకులన్నట్లు మాటలాడిరి. అంతలో తెగులు మొదలై, పాళెములో ఒక అంచునుండి లోపలికి మంటవలె ప్రాకుచుండెను. అహరోను వృద్ధుడు. తన్ను నిందించినవారు ఎవరో, ఈ తెగులు ఎవరి దోషమువలన వచ్చెనో విచారించుటకు అతడు నిలువలేదు. బలిపీఠపు నిప్పును ధూపార్తిలో వేసికొని పరుగెత్తెను. చచ్చినవారు ఒక ప్రక్క, బ్రదికియున్నవారు ఒక ప్రక్క, నడుమ అతడు. తెగులు అక్కడ ఆగెను. అప్పటికి పదునాలుగువేల ఏడు వందలమంది పడిపోయిరి. ఆ లెక్కను నేను చాలా సార్లు చదివి దాటిపోయితిని. గుట్టమీద ఆ రాత్రి తరువాత దాటిపోలేకపోవుచున్నాను. అతని చేతిలో నున్నదియు నిప్పే అని గమనించితిరా? బండ్లబాటయొద్ద ఎదురు నిప్పు పెట్టినవారి చేతిలో నున్నట్లే.

మరియొక సంగతి అమెరికాదేశపు మాంటానాలో 1949 ఆగస్టు 5న జరిగినది. మాన్ గల్చ్ అను లోయలో మంట ఆర్పుటకు విమానమునుండి గొడుగులతో దిగిన యువకుల పెద్ద వాగ్నర్ డాడ్జ్ అనువాడు. మంట ఒక్కసారి తిరిగి, ఎండుగడ్డిలో గుట్ట ఎక్కుచు వారిని తరుముకొని వచ్చెను. పరుగెత్తి తప్పించుకొనలేమని డాడ్జ్ గ్రహించి, అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికే నిప్పు పెట్టెను. అది క్షణములలో కాలిపోయి నల్లని చోటు ఏర్పడెను. అతడు ఆ వేడి బూడిదలో బోర్లపడి, తనవారిని రండని పిలిచెను. ఎవరును లోనికి రాలేదు. కొందరికి వినబడలేదేమో, విన్నవారికి అది పిచ్చిపనిగా తోచెనేమో! పెద్ద మంట అతనిచుట్టు పోయెను. అతడు లేచి నిలిచెను. శిఖరముమీది రాతి సందులోనుండి ఇరువురు తప్పించుకొనిరి. పదముగ్గురు చనిపోయిరి.

ఏ పోలికయు అన్నివిధముల సరిపడదు. అయినను గొల్గొతాను గూర్చి నేను చెప్పవలసినది ఈ సంగతి నాకంటె బాగుగా చెప్పుచున్నది. తీర్పు అను అగ్ని ఒక స్థలముమీద ఇదివరకే పడినది. అక్కడ కాలవలసినది కాలిపోయినది. మనము పరుగెత్తి దానిని జయింపలేము. అక్కడ నిలిచియున్న ఒకాయన మనలను పేరుపెట్టి పిలుచుచున్నాడు. రమ్మనినప్పుడు ఆ స్థలము మనకు ఆశ్రయముగా కనబడదు, బూడిదగా కనబడును. అక్కడికి పోవలెనన్నయెడల మోకాళ్లూని, ముఖము బూడిదలో పెట్టవలెను.

ఇంతవరకు వ్రాయుట నాకు సులభమాయెను. ఇప్పుడు కష్టమైనది వ్రాయుదును. మనలో కొందరికి తెలిసినదే. తెలియనివారికి నా నోటనే తెలియుట మంచిది.

ఈ సంఘమునకు నేను వచ్చిన తొలి సంవత్సరమున, మట్టల ఆదివారమునకు ముందు గురువారము, గుడి ఆవరణలో ఎండిన గడ్డిని శుభ్రము చేయనెంచి, మిట్టమధ్యాహ్నము గాలిలో నిప్పు పెట్టితిని. అరగంటలో పని అగునని తలంచి, ఫోను మ్రోగగా ఇంటిలోనికి పోయితిని. తిరిగి వచ్చునప్పటికి నిప్పు ముండ్లకంచె దాటి ప్రక్క రైతు జొన్నచొప్ప కుప్పకు అంటుకొనెను. నేను కేక వేయకముందే ఆ రైతును, ఆయన కుమారులును, వీధివారును తడిపిన గోనెసంచులతో వచ్చి పడిరి. వారు మన సంఘస్థులు కారు. ఇంటిని, పశువుల కొట్టమును, మన గుడి తలుపులను కూడ వారే కాపాడిరి. నాలుగు బండ్ల చొప్ప బూడిదయ్యెను. ఎద్దులకు వేసవి అంతటి మేత అది. ఆ మంటలో నిప్పు ఎవడు పెట్టెనని ఒక్కడును అడుగలేదు. నేను వారితో కలిసి సంచి పట్టి కొట్టితిని. అందరు నాకు వందనములు చెప్పి పోయిరి. నేను వందనములు పుచ్చుకొంటిని.

సాయంకాలమునకు ఒక మాట పుట్టెను: గేదెలను కాచు ఒక పిల్లవాడు కంచెయొద్ద బీడీ త్రాగుచుండగా ఎవరో చూచిరట. పదునాలుగేండ్ల బాలుడు. రాత్రి అతని తండ్రి అతనిని కొట్టిన శబ్దము నా ఇంటికి వినవచ్చెను. నేను తలుపు తీయలేదు.

శుక్రవారము గడచెను. నా మనస్సు నాతో వాదించెను: క్రొత్తగా వచ్చినవాడవు, సంఘమునకు అవమానము, పొరుగువారిలో సువార్తకు ఆటంకము, పండుగ కానిమ్ము. ఎంత భక్తిగల మాటలు! శనివారము ఆదివారపు ప్రసంగము వ్రాయ కూర్చుంటిని. ఏదో వెదకుచు నిర్గమకాండము త్రిప్పగా 22వ అధ్యాయము 6వ వచనము కనబడెను. నిప్పు లేచి ముండ్లకంపకు అంటుకొని, కుప్పయైనను పైరైనను చేనైనను కాలినయెడల, ముట్టించినవాడు అచ్చుకొని తీరవలెనని మోషే ధర్మశాస్త్రము. ముండ్లు, కుప్ప, ఒక్కటియు తప్పలేదు. కావలెనని పెట్టెనా, పొరబాటున పెట్టెనా అని ఆ వచనము అడుగుటలేదు. యాకోబు చెప్పిన చిన్న నిప్పు నాలుక మాటలాడుటవలననే కలుగునని బోధించుచుంటిని. మాటలాడవలసిన వేళ కదలక యుండుటవలనను ఒక బాలుని వీపు కాలునని ఎరుగకుంటిని.

చీకటి పడిన తరువాత ఆ రైతు ఇంటికి పోయితిని. "పటేలా, నిప్పు పెట్టినది నేను" అని చెప్పితిని. ఆయన చాలాసేపు పలుకలేదు. తరువాత, "పొగ మీ దిక్కు నుంచి లేచినట్టు నాకు అనుమానమే ఉండె, అయ్యగారూ. గుడాయన గదా అని నోరు మూసుకున్న. అది నా తప్పు. పైసల సంగతి తర్వాత. ముందు ఆ పిలగాని ఇంటికి పోదాం పాండ్రి" అనెను.

ఇరువురము పోయితిమి. బాలుని తండ్రియెదుట, తల్లియెదుట, గుమ్మములో గుమిగూడిన ఇరుగుపొరుగువారియెదుట చెప్పితిని. తండ్రి తల వంచుకొనెను. బాలుడు ఏమియు అనలేదు. గోడకు ఆనుకొని నన్ను చూచెను. మరునాడు మట్టల ఆదివారము సంఘమునకును చెప్పితిని. చొప్ప వెల మూడు నెలల జీతములలో తీర్చితిని. ఆ రైతు ఒక్క రూపాయియు తగ్గింపలేదు. తగ్గింపవచ్చునని నేను ఆశించిన మాట నిజము. "మొత్తం తీసుకుంటేనే మీరు నిమ్మళంగ పండుకుంటరు" అనెను. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదననెను. నేను ఒక్కంతయే ఇచ్చితిని.

అడవిలో మంట ఆరిన తరువాత పని అయిపోయినదని నేననుకొంటిని గాని, ఆ గుట్టమీద వారు మరునాడు సాయంకాలమువరకు దిగలేదు. ఎండిన మొద్దులలో, తొఱ్ఱలలో, నేలక్రింద వేళ్లలో నిప్పు దాగి దినముల తరబడి రగులుచుండును. పైన చల్లని బూడిద. వ్రేలు పెట్టిన తెలియును. సగము కాలిన మొద్దు దొర్లి గీత దాటినయెడల రాత్రి పడిన కష్టమంతయు వ్యర్థము. కాబట్టి వారు ఒక్కొక్క మొద్దును త్రిప్పి, గొడ్డలితో చీల్చి, మన్ను పోసి, అరచేతి వెనుకభాగము దగ్గరకు పెట్టి చూచుచుండిరి. ఇది ఎవరును మెచ్చుకొనని పని. పది గంటలకు నాకు నిద్ర వచ్చెను. చెట్టు క్రింద పడుకొంటిని. వారు నన్ను లేపలేదు.

ఆ బాలుడు ఇప్పుడు యువకుడు. మన ఊరిలోనే ట్రాక్టరు నడుపుచున్నాడు. ఎదురుపడినప్పుడు నమస్కారము పెట్టును. ఇన్ని సంవత్సరములలో నా కన్నులలోనికి చూచి మాటలాడలేదు. నేను క్షమాపణ అడిగితిని, అతడును సరేననెను; అయినను వేరులో ఏమున్నదో నేను ఎట్లు చెప్పగలను? సంవత్సరమునకు ఒకటి రెండుసార్లు అతని ఇంటికి పోయి కూర్చుండి, వాళ్లమ్మ ఇచ్చు చాయ త్రాగి వచ్చుచున్నాను. దీనికి ఇంతకంటె వేరు ఉపాయము నాకు తెలియదు.

అడవికి నిప్పు పెట్టువారిని గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు కనబడుటకు చెట్టుక్రింద ఆకు కాల్చువారున్నారు. తునికి పొదలు లేతగా చిగిర్చుటకు కాల్చువారున్నారు. ఆ తునికాకుతోనే మన ప్రాంతములో ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి పిల్లలను చదివించుచున్నారు. వారిని దుర్మార్గులని ఈ పత్రికలో వ్రాయుటకు నా చేయి రాదు. వారు కాల్చదలచినది ఒక చెట్టునీడ. నేను కాల్చదలచినది ఒక ఆవరణ. గాలిని ఎవరమును అడుగలేదు. కాబట్టి మన సంఘస్థులలో చేల గట్లు, కందికట్టె, పత్తికట్టె కాల్చువారు దయచేసి మానుడి. కాల్చక తప్పనియెడల చుట్టు నేల చెక్కి, గాలి లేని వేళ చూచి, ఆరువరకు అక్కడనే నిలువుడి. ఫోను మ్రోగిన మ్రోగనిండి.

ఇక పని సంగతి. గుట్టక్రింది పల్లెవారు ఈ ఏడును బండ్లబాట వెంబడి ఆకు ఊడ్చి గీత చేయనున్నారు. మంట వచ్చిన రాత్రి చేయు పనిలో సగము ఈ చల్లని దినములలోనే చేయవచ్చునని వారందురు. అటవీశాఖవారి అనుమతి వారు తీసికొన్నారు. మన యౌవనస్థుల కూటమివారు వచ్చు శనివారము సహాయమునకు పోవుదురు. ట్రాలీ గుడియొద్దనుండి ఉదయము అయిదు గంటలకు బయలుదేరును. ఎండ ముదరకముందే పని ముగింపవలెను. నూలుబట్టలు కట్టుకొని రండి. రబ్బరు చెప్పులు వద్దు. పారగాని, కొడవలిగాని, పంగలకర్రగాని ఉన్నవారు తెచ్చుకొనుడి. స్త్రీల సమాజమువారు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పంపెదమని చెప్పిరి. త్రాగుటకు నీళ్లు రెండు డ్రమ్ములు చాలును. మంటకు కాదు గదా!

ట్రాక్టరు కుదుర్చుటకు మొన్న నేను ఆ యువకుని ఇంటికి పోయితిని. కిరాయి ఎంతని అడిగితిని. డీజిలు పోయించిన చాలునని అతడు చెప్పి, నేను గుమ్మము దిగుచుండగా వెనుకనుండి పిలిచెను.

"అయ్యగారూ, బండి నడిపి ఊరికె కూసోవాల్నా, నా పార గూడ తెచ్చుకోవాల్నా?"

తెచ్చుకొమ్మని చెప్పితిని.